78 ఏళ్ల అమ్మకు పేగు ఆపరేషన్: కోతకు ముందు మూడు వారాలు, తర్వాత మూడు నెలలు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్నివాళ్ల ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక పిన్ని తెనాలి అవతల మా ఊరొచ్చి అమ్మ దగ్గర పది రోజులుంది. నాలుగో రోజే నాకు ఫోన్ చేసింది.

"మీ అమ్మ డాబా మెట్లు ఎక్కడానికి మూడు చోట్ల ఆగుతోందే. గోళ్లు చూశావా, సున్నం కొట్టినట్టున్నాయి."

నేను చూడలేదు. గుంటూరు నుంచి పదిహేను రోజులకోసారి వెళ్తూనే ఉన్నాను. అమ్మ నీరసంగా ఉందంటే వయసు అనుకున్నాను. అన్నం తగ్గించిందంటే వయసు. మధ్యాహ్నం పడుకుంటోందంటే అదీ వయసే. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు కూడా అదే మాట అని రెండు బలం ఇంజెక్షన్లు పొడిచి పంపేవారు. రోజూ చూసేవాళ్లకు కనపడనిది ఊరు మునిగి వచ్చిన మనిషికి కనపడింది.

రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.1. తెనాలి డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాసి ఊరుకోలేదు. "ఈ వయసులో రక్తం ఇంత పడిపోతే ముందు అది ఎక్కడికి పోతోందో వెతకాలమ్మా" అన్నారు. మలంలో కంటికి కనపడని రక్తం ఉందని తేలింది. తర్వాత కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం. పెద్దపేగు మొదలయ్యే చోట, కుడివైపు, గడ్డ. ఎడమవైపు వస్తే రక్తం కనపడటమో విరోచనం పట్టేయటమో జరుగుతుందట. కుడివైపు పేగు వెడల్పు, లోపల సరుకు పల్చన. గడ్డ పెరిగినా దారి మూసుకుపోదు, చుక్క చుక్కగా రక్తం పోతూనే ఉంటుంది. మనిషి పాలిపోతుంది, ఇంట్లోవాళ్లు వయసంటారు. సరిగ్గా మా ఇంట్లో జరిగింది ఇదే.

మొదట వెళ్లిన పెద్ద ఆసుపత్రిలో సర్జన్ స్కాన్ చూశాడు కానీ అమ్మను చూడలేదు. "వేరే చోటికి పాకలేదు, ఎల్లుండి అడ్మిట్ చేయండి" అన్నాడు, అంతే. అమ్మ పక్క కుర్చీలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. ఆవిడకు ఏం జబ్బో అప్పటికి మేమెవరం చెప్పలేదు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య "చెప్పొద్దు, బెంగపెట్టుకుంటుంది" అన్నాడు. మావయ్యదీ అదే మాట. నేను "పేగులో పుండు" అని చెప్పి ఫైలు బీరువా పైన పెట్టాను.

రెండో అభిప్రాయానికి గుంటూరులోనే ఇంకో చోటికి వెళ్లాం. లిఫ్ట్ దగ్గర నిలబడి ఉండగా అమ్మ గోడ మీది బోర్డు పైకి చదివింది. ఐదో తరగతి చదువు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. "క్యాన్... సర్... శస్త్ర... చికిత్స..." అని ఆగి నా మొహం చూసింది. నాకు నోట మాట రాలేదు. "కొలనోస్కోపీ రోజున నువ్వు బాత్రూంలో ఏడ్చొచ్చినప్పుడే అనుకున్నాలే" అంది. అన్నాళ్ల నాటకం లిఫ్ట్ వచ్చేలోపు ముగిసిపోయింది. అప్పట్నుంచి ఆవిడ దగ్గర ఏదీ దాచలేదు, దాంతో సగం పని తేలికైంది. మందు ఎందుకో, నడక ఎందుకో తెలిస్తేనే మనిషి ఆ పని చేస్తుంది.

అక్కడి సర్జన్ ఫైలు మూసేసి అమ్మనే అడిగారు. "మామ్మగారూ, ఆపరేషన్ తర్వాత మీకు ఏది ముఖ్యం?" అమ్మ కాసేపు ఆలోచించింది. "ఎన్నాళ్లుంటానన్నది నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు బాబూ. ఉన్నన్నాళ్లు నా బాత్రూంకి నేను వెళ్లాలి. ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే బతుకు నాకొద్దు."

ఆయన ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. అప్పుడు మాతో, "కోత రెండు మూడు గంటల పని. తర్వాత ఈవిడ లేచి నడవగలగాలి. దానికి తయారీ ఇప్పట్నుంచే మొదలుపెట్టాలి. మూడు వారాలు ఇవ్వండి" అన్నారు. నా గుండె జారిపోయింది. ఈ మూడు వారాల్లో పాకిపోతే? ఈ గడ్డ ఏళ్ల తరబడి పెరిగిందనీ, మూడు వారాల్లో కొంప మునగదనీ, ఉన్న ఒంటితో హడావుడిగా బల్ల ఎక్కిస్తేనే మునుగుతుందనీ చెప్పారు. అసలు ఆపరేషనే మానేస్తే అన్న మావయ్య ప్రశ్నకూ జవాబిచ్చారు. రక్తం పోతూనే ఉంటుంది, ఏదో ఒకరోజు పేగు మూసుకుపోయి అర్ధరాత్రి పరిగెత్తాల్సి వస్తుంది. వయసు మీద పడినవాళ్లకు అలా అత్యవసరంగా చేసే ఆపరేషన్ ముందే సిద్ధపడి చేయించుకునేదాని కంటే చాలా ప్రమాదం.

తర్వాత మత్తు డాక్టరమ్మ గది. అక్కడ దాదాపు గంట పట్టింది, ఇన్నేళ్లలో ఒక డాక్టరు అమ్మతో అంతసేపు గడపడం నేను చూడలేదు. చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టి, లేచి మూడు మీటర్లు నడిచి వెనక్కి తిరిగొచ్చి కూర్చోమన్నారు. చేతిలో స్టాప్‌వాచ్. 23 సెకన్లు. 12 దాటితేనే ఆలోచించాలట. పిడికిలి బలం కొలిచే పరికరాన్ని నొక్కమన్నారు. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్లీ చెప్పమన్నారు. అమ్మ మూడూ చెప్పి, "ఇవి దేనికమ్మా, పద్యమా?" అంది. గడియారం గీయమంటే గుండ్రంగా గీసి అంకెలన్నీ ఒకే వైపు ఇరికించింది. ఆరు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గిందో, బ్యాంకు పని ఎవరు చేస్తారో, ఈ ఏడాది ఎక్కడన్నా పడిందో అడిగారు. పడిందట, రెండుసార్లు. నాకు తెలీదు.

ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉండే ఒక కొలత మీద అమ్మకు 5 వేశారు. ఒకటంటే గట్టి మనిషి, తొమ్మిదంటే ఆఖరి దశ. ఐదంటే తన ఒంటి పనులు తను చేసుకుంటుంది, సరుకులకూ డబ్బు వ్యవహారానికీ మనిషి కావాలి. వాళ్లు వయసు అంకె చూసి ఊరుకోకుండా ఇదంతా లెక్కేశారు. పక్క గదిలో 82 ఏళ్ల తాతగారికి 2 వచ్చిందట, పొలానికి సైకిల్ మీద వెళ్తాడట. అమ్మ అదేదో పరీక్షలో మార్కులు తగ్గినట్టు ఆయన్ని కాస్త కోపంగా చూసింది.

చివర్లో, "ఏమేం మాత్రలు వేసుకుంటారో అన్నీ తేండి, డబ్బాలతో సహా" అన్నారు. బీపీ, షుగరు, గ్యాస్, మోకాళ్లవి ఉన్నాయి. అవి నాకు తెలిసినవే. ఇంటికెళ్లి అమ్మ పెట్టె సర్దుతుంటే పట్టుచీర మడతలో కుంకుమ భరిణె, అందులో చిన్న చిన్న మాత్రలున్న అట్ట కనపడ్డాయి. నిద్ర మాత్ర. నాన్న పోయిన ఏడాది మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చాడట, తొమ్మిదేళ్లుగా రాత్రిపూట ఒకటి. "నాకు నిద్ర పట్టదని మీకు చెప్తే బెంగ పడతారని" అంది. అంటే ఆవిడ కూడా మాకు బెంగ రాకూడదని దాచింది.

డాక్టరమ్మకు ఆ అట్ట చూపిస్తే మొహం మారిపోయింది. ఈ సంగతి తెలీకుండా ఆసుపత్రిలో అది ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, మతి తప్పడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చట. వేసుకుంటూనే ఉంటే ఆపరేషన్ తర్వాత మగత, తికమక. అందుకని వారానికింత అని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆపరేషనంటే ముందు వాళ్ల పెట్టెలూ దిండు కిందా వెతకండి. అడిగితే చెప్పరు.

ఆ మూడు వారాలూ అమ్మ గుంటూరులో మా ఇంట్లోనే ఉంది. ఐరన్ మాత్రలు లాభం లేదని సెలైన్‌లా నరానికి రెండుసార్లు ఎక్కించారు. ఊపిరికి మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. మొదటిరోజు ఒక్క బంతి కదిలి పడిపోయింది. మా అపార్ట్‌మెంటులో మూడో తరగతి పిల్లాడు వచ్చి మూడూ లేపేసి వెళ్లాక అమ్మకు పంతం పట్టింది. గంటకు పదిసార్లు. టీవీ సీరియల్‌లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా టకటకమని బంతుల చప్పుడు వినపడేది. పొద్దున సాయంత్రం కారిడార్‌లో నడక. ఇవి గాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట రెండు, చివరి వారానికి ఎనిమిది.

అసలు యుద్ధం తిండి దగ్గర. 46 కిలోల మనిషికి రోజుకు 60 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలన్నారు. అమ్మ నాన్న పోయాక నీచు మానేసింది, గుడ్డు కూడా ముట్టదు. లెక్క వేస్తే ఆవిడ రోజు మొత్తం తినేది పాతిక గ్రాములకు మించలేదు. మూడు ఇడ్లీలు తింటే ఆరు గ్రాములొస్తాయి. మజ్జిగన్నంలో ఏముంటుంది, మజ్జిగన్నమే ఉంటుంది. దాంతో పొద్దున పెసరట్టు, పదింటికి పాలలో పొడి, మధ్యాహ్నం ముద్దపప్పు మీద గడ్డపెరుగు, సాయంత్రం వేయించిన సెనగల పొడి, రాత్రి పనీర్ తురిమిన ఉప్మా అని పట్టిక వేసి ఫ్రిజ్‌కి అంటించాను. "నన్ను కోడిపుంజులా మేపుతున్నావే, సంక్రాంతికి బరిలో దింపుతావా" అని రోజూ తిట్టేది. ఏకాదశి ఉపవాసం దగ్గర పెద్ద గొడవే అయింది. చివరికి ఆవిడే ఒక దారి కనిపెట్టింది. అన్నం మాని, పాలూ పళ్లూ వేరుశనగపప్పులూ తింటే ఉపవాసమూ ఉంటుంది, డాక్టరమ్మ లెక్కా కుదురుతుంది.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు మళ్లీ స్టాప్‌వాచ్ పెట్టారు. 17 సెకన్లు. హిమోగ్లోబిన్ 9.8. సర్జన్ బాగుందనలేదు, "చేయొచ్చు" అన్నారు.

ఖర్చు గురించి చాలామంది అడిగారు. అమ్మకు ఊళ్లో వేరే బియ్యం కార్డుంది, ఆపరేషన్ దాని మీదే జరిగింది. 2007లో మొదలైన ఆ పథకం పేరు ఎన్నిసార్లు మారినా మా ఊళ్లో అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు. ఐరన్ ఎక్కించడం, బలం పొడి, కమోడ్ కుర్చీ, నా జీతం నష్టం సెలవులు మాత్రం మావే. అనుమతి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఎలాగూ మూడు వారాలు ఆగాం కాబట్టి ఇబ్బంది కాలేదు.

అక్టోబర్ 23న ఆపరేషన్. కీహోల్ పద్ధతిలో నాలుగు రంధ్రాలు, బొడ్డు దగ్గర గడ్డ తీయడానికి రెండంగుళాల కోత. కొత్త పద్ధతి ప్రకారం మత్తుకు రెండు గంటల ముందు దాకా పల్చటి తీపినీళ్లు తాగొచ్చని డాక్టరమ్మ రాసిచ్చారు. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ మాత్రం పాత అలవాటు కొద్దీ మంచానికి "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అని అట్ట తగిలించింది. అమ్మ నాలుక తడారిపోయి పెదాలు నాక్కుంటోంది. ఐదింటికి ధైర్యం చేసి డాక్టరమ్మకు ఫోన్ చేస్తే అప్పుడు ఇచ్చారు. రాసిచ్చిన కాగితం ఒక కాపీ మన చేతిలో ఉండటం మంచిది.

ఆపరేషన్ బాగా జరిగింది. గండం గడిచిందనుకుని అన్నయ్యకు ఫోన్లో చెప్పి నిద్రపోయాను. అసలు గండం రెండో రాత్రి వచ్చింది.

ఐసీయూలో రాత్రీ పగలూ ఒకటే లైట్లు. అమ్మ కళ్లజోడూ కట్టుడు పళ్లూ చెవి మిషనూ ప్లాస్టిక్ కవర్లో వేసి నా చేతికిచ్చారు, పోతాయేమోనని. మూడింటికి నన్ను పిలిచారు. అమ్మ చేతులు బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీకి కట్టున్నాయి. "గేదె ఈనిందే, ఎవరూ లేరు, తాడు విప్పండి" అని అరుస్తోంది. సెలైన్ సూది పీకేసింది, దుప్పటంతా రక్తం. నన్ను చూసి "నువ్వెవరమ్మా" అంది. గేదెలు అమ్మేసి ఇరవై ఏళ్లయింది.

అక్కడున్న కుర్ర డాక్టరు నిద్ర ఇంజెక్షన్ ఇద్దామన్నాడు. కుంకుమ భరిణె సంగతి అప్పుడు గుర్తొచ్చి వద్దని పట్టుబట్టాను. కవర్లోంచి కళ్లజోడు తీసి పెట్టాను, చెవి మిషన్ పెట్టాను. కట్లు విప్పించి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "గేదె బాగానే ఈనింది, పెయ్యదూడ" అన్నాను. అబద్ధమే. తర్వాత డాక్టరమ్మ చెప్పారు, ఊఁ కొట్టాల్సిన పని లేదు, వాదించాల్సిన పనీ లేదు, ఇది ఆసుపత్రి, నేను నీ కూతుర్ని, ఇవాళ ఫలానా వారం అని మెల్లగా చెబుతూ ఉంటే చాలని. ఆ క్షణానికి నాకు దూడే తోచింది. అమ్మ అరవడం ఆపింది. "జున్ను పాలు తియ్యి" అని కళ్లు మూసుకుంది.

పొద్దున డాక్టరమ్మ వచ్చి కారణాలు వెతికారు. నొప్పికి ఇచ్చిన ట్రమడాల్ ఒకటి, అది పెద్దవాళ్లకు మతి తప్పిస్తుంది. గొట్టం తీశాక మూత్రం సరిగ్గా రాక పొత్తికడుపు నిండి ఉండటం రెండోది. నిద్ర లేకపోవడం, కళ్లు కనపడకపోవడం, చెవులు వినపడకపోవడం వీటికి తోడు. ట్రమడాల్ మాన్పించి పారాసిటమాల్ సెలైన్ పెట్టారు. వార్డులో కిటికీ పక్క మంచానికి మార్చి, ఇంట్లోవాళ్లు ఒకరు ఎప్పుడూ దగ్గరుండొచ్చని రాశారు. నేను వంటింటి గోడగడియారం తెప్పించి ఎదురుగా పెట్టాను.

ఆ మర్నాడంతా అమ్మ కదలకుండా, మాట్లాడకుండా పడుకుంది. చూడ్డానికొచ్చినవాళ్లంతా "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు. నేనూ అదే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరమ్మ మాత్రం ఇది కూడా ఆ తికమకేనన్నారు. అరిచేవాళ్లను అందరూ పట్టించుకుంటారు, ఇలా గమ్మునుండే వాళ్లను విశ్రాంతి తీసుకుంటున్నారని వదిలేస్తారట. లేపి కుర్చీలో కూర్చోబెట్టాం. తల వాలిపోతుంటే ఎదురుగా కూర్చుని మా ఊరి వాళ్ల వరుసలు అడగడం మొదలుపెట్టాను, ఫలానా వాళ్ల కోడలు ఎవరి కూతురని. మూడో రోజు నేను ఒక వరుస తప్పు చెబితే కళ్లు తెరిచి సరిదిద్దింది. మనిషి తిరిగొచ్చింది.

పేగులు త్వరగా కదలడానికి బబుల్‌గమ్ నమలమన్నారు. అది కట్టుడు పళ్లకు అంటుకుపోయింది. "దీని బదులు నాలుగు తమలపాకులివ్వమను" అంది. ఇవ్వలేదు. ఐదో రోజు గాలి పోయింది. ఒక మనిషికి గ్యాస్ పోయిందని ముగ్గురు డాక్టర్లూ ఒక కూతురూ అంత సంతోషించడం నేనెక్కడా చూడలేదు.

నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతామన్నది తొమ్మిది రోజులైంది. దీపావళి వార్డులోనే. మర్నాడు నవంబర్ 1న డిశ్చార్జ్. ఊరికే వెళ్తానంది, గుంటూరులో లిఫ్ట్ ఉందని నేనన్నాను. కార్తీక పౌర్ణమి దాకా మా ఇంట్లో, తర్వాత ఊరు అని ఒప్పందం.

ఆసుపత్రిలో నలుగురు చేసే పని ఇంట్లో ఒక్కదాని మీద పడుతుంది, ఇది నాకెవరూ ముందు చెప్పలేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా 28 రోజులు పొట్టలో ఇంజెక్షన్. నేనే నేర్చుకుని ఇచ్చాను. మొదటిసారి నా చెయ్యి వణికితే అమ్మ తన పొట్ట తనే రెండు వేళ్లతో పట్టుకుని "వంకాయలో పుల్ల గుచ్చినట్టు గుచ్చెయ్యవే" అంది. పేగులో కుడి భాగం తీసేస్తే కొన్ని వారాలు విరోచనాలు పల్చగా అవుతాయి. రోజుకు ఐదారుసార్లు. దాంతో అమ్మ తినడం మానేసింది. తింటే వెళ్లాలి, తినకపోతే వెళ్లక్కర్లేదు, ఆవిడ లెక్క అది. పళ్లెం ఖాళీ అవుతోందని నేను సంబరపడుతున్నాను. వారం తర్వాత బరువు చూస్తే రెండు కిలోలు తగ్గింది. బాల్కనీలో తులసి కుండీ వెనక కాకులు, పెసరట్టు ముక్కలు.

చూడ్డానికొచ్చే చుట్టాలు ఇంకో తలనొప్పి. "పప్పు పెడుతున్నారా! పచ్చి కుట్లమీద పప్పేమిటి, చీము పడుతుంది. చారన్నం పెట్టండి." ఒకావిడ పథ్యం పత్తియం అంటూ మూడు నెలలు కారప్పొడితో అన్నం పెట్టమని చెప్పి వెళ్లింది. అమ్మ వాళ్ల మాటే నమ్ముతుంది, నేను కన్నకూతుర్ని కదా! సర్జన్‌తో ఫోన్లో మాట్లాడించాను. "మామ్మగారూ, కుట్లు అతుక్కోవడానికి పప్పే సిమెంటు" అన్నారాయన. ఆ మాట పనిచేసింది, తర్వాత వచ్చిన ప్రతివాళ్లకూ ఆవిడే చెప్పింది.

రాత్రుళ్లు నా వల్ల కాలేదు. నాలుగైదుసార్లు లేవడం, పొద్దున మళ్లీ వంట. రెండో వారంలో ఒకరోజు అమ్మ మీద గట్టిగా అరిచాను, కమోడ్ కుర్చీ వాడకుండా గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్లినందుకు. అమ్మ ఏమీ అనలేదు. మంచం మీద కూర్చుని జాకెట్ హుక్ పెట్టుకుంటూ ఉండిపోయింది. ఆ రాత్రే అన్నయ్యకు ఫోన్ చేసి ఏడ్చాను.

వాడు ఒక ఉపాయం చెప్పాడు. ఇక్కడ రాత్రి పదకొండంటే డల్లాస్‌లో పగలు పదకొండున్నర. ఇంటి నుంచే ఉద్యోగం. అమ్మ మంచానికెదురుగా స్టాండు మీద ట్యాబ్ పెట్టి వీడియో కాల్ ఆన్‌లో ఉంచాం. పదకొండు నుంచి నాలుగు దాకా వాడు తన పని చేసుకుంటూ చూస్తూ ఉండేవాడు. అమ్మ కాలు కింద పెట్టగానే చీకట్లోంచి "అమ్మా, ఆగు, చెల్లెల్ని లేపుతున్నా" అని వినపడేది. అప్పుడు నా ఫోన్ మోగేది. మొదటి రెండు రోజులు ఆవిడ దేవుడి గదిలోంచి మాటలొస్తున్నాయని హడలిపోయింది. తర్వాత ఇద్దరూ అర్ధరాత్రి కబుర్లు మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లలో వాడితో అంత మాట్లాడలేదట. అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపడం తప్ప ఏం చేయగలడు అని నేనే ఎన్నోసార్లు దెప్పాను, ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

నవంబర్ 15న కార్తీక పౌర్ణమి. ఆపరేషనై ఇరవై మూడు రోజులు. బాల్కనీలో కుర్చీ వేసి, ఎత్తు పీట మీద 365 వత్తుల కట్ట నేతిలో తడిపి పెట్టాం. వంగకూడదు కదా. వెలిగించి దణ్ణం పెట్టుకుని, కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచింది. నేను చూడాలనే లేచిందని నా అనుమానం.

బయాప్సీలో గడ్డ పేగు గోడ దాటి కొవ్వులోకి వెళ్లింది కానీ, తీసి చూసిన 17 లింఫ్ గ్రంథుల్లో ఒక్కదాన్లోనూ లేదు. కీమో డాక్టరుగారు ఇంకో పరీక్ష చేయించారు. ఆ కణాల్లో జన్యువుల్లోని తప్పులను సరిదిద్దే ఒక మరమ్మతు ప్రోటీన్ లేదని వచ్చింది. గ్రంథులకు పాకని దశలో ఈ రకానికి మామూలు కీమో మాత్రలతో లాభం ఉండదనీ, మూడు నెలలకోసారి రక్తపరీక్ష, అప్పుడప్పుడూ స్కాన్ చాలనీ అన్నారు. "మందేమీ ఇవ్వకుండా వదిలేశారా" అని మావయ్య ఇప్పటికీ అడుగుతూంటాడు.

జనవరి ఆఖరుకు బరువు 46 దగ్గరకొచ్చింది. కార్తీక పౌర్ణమి దాకా అన్న ఒప్పందం సాగి సాగి, సంక్రాంతికి ఊరెళ్లిపోయింది. బాత్రూంలో పట్టుకోవడానికి రెండు కడ్డీలు వేయించాం, డాబా మెట్లకు తాళం వేశాం. తాళంచెవి ఎక్కడుందో ఆవిడకు తెలుసునని పిన్ని చెప్పింది. పూర్తిగా మునుపటి మనిషి కాలేదు. పేర్లు అప్పుడప్పుడూ తడబడుతుంది, సాయంత్రమైతే మాట తగ్గుతుంది. బాత్రూంకి మాత్రం తనే వెళ్తుంది.

ఏడాది తిరిగాక మళ్లీ కొలనోస్కోపీ చేయాలన్నారు. ఆ మాట చెప్పగానే అమ్మ మొదట అడిగింది గొట్టం గురించి కాదు, పేగు శుభ్రమవడానికి ముందురోజు రాత్రి తాగించే ఉప్పు నీళ్ల గురించి.

"అన్ని లీటర్లు మళ్లీ తాగాలా?"

"తాగాలమ్మా."

"అయితే నీళ్లు నువ్వు తాగు. గొట్టం నేను వేయించుకుంటా."